ఏ మట్టి కావాలో జున్నుని అడగండి

పిల్లిని తెచ్చుకోవడం తేలిక. వానలో తడిసిన పిల్లకూన ఒకటి మన బైక్ కింద దూరి మ్యావ్ అంటుంది. అంతే, మర్నాటి నుంచి ఇల్లు దానిది, మనం అద్దెకున్నవాళ్లం. తిండి కూడా పెద్ద సమస్య కాదు. అది ఒకటికీ రెండుకీ ఎక్కడికెళ్లాలో తేల్చేటప్పుడే అసలు పరీక్ష మొదలవుతుంది. పాత పెంకుటిళ్లలో ఈ ప్రశ్నే లేదు. పెరడు ఉండేది, పెరట్లో మట్టి ఉండేది, పిల్లి తన పని చూసుకుని గుంట పూడ్చి వచ్చేది. ఐదో అంతస్తులో టూ బీహెచ్‌కేకి పెరడు ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే కొనుక్కుంటున్నాం. కిలోల లెక్కన, డెలివరీ ఛార్జీలు కట్టి మరీ, మట్టిని.

ఆ మట్టి పేరే లిట్టర్. ఏదైనా షాపింగ్ యాప్‌లో ‘క్యాట్ లిట్టర్’ అని కొట్టి చూడండి. బెంటొనైట్, సిలికా, టోఫు, పైన్ అని రకాలు. వాటిలో మళ్లీ లావెండర్, కాఫీ, యాపిల్, బేబీ పౌడర్ అని వాసనలు. ఐస్‌క్రీమ్ పార్లర్ మెనూలా ఉంటుంది. ఈ వాసనలన్నీ మన ముక్కు కోసం తయారైనవి. కానీ ట్రేలోకి దిగేది మన కాలు కాదు కదా! మూడేళ్లుగా మా జున్ను ట్రే ఎత్తిపోస్తున్నవాడిగా చెప్తున్నాను, లిట్టర్ కొనేముందు చూడాల్సినవి రెండే. పిల్లి కాలికి నచ్చిందా? రోజూ ట్రే చూసినప్పుడు పిల్లి ఒంట్లో ఎలా ఉందో మనకి తెలుస్తుందా? వాసన సంగతి వీటి తర్వాతే.

మట్టికి డబ్బులివ్వడం అనే ఐడియా ఎవరిదో ముందు చెప్పాలి. ఒకప్పుడు అమెరికాలో కూడా పిల్లి ట్రేలో ఇసుకో, పొయ్యి బూడిదో పోసేవాళ్లు. 1947 చలికాలంలో మిషిగన్ రాష్ట్రంలోని కాసోపొలిస్ అనే చిన్న ఊళ్లో ఒక పొరుగావిడ ఎడ్ లో అనే కుర్రాడి దగ్గరికి వచ్చింది. ఇసుక కుప్ప గడ్డకట్టిపోయింది, బూడిద పోస్తే పిల్లి ఇల్లంతా నల్లటి అడుగులు వేస్తోంది, కాస్త ఇసుక ఉంటే ఇవ్వమంది. ఎడ్ వాళ్లది ఫ్యాక్టరీల్లో నూనె ఒలికితే పీల్చుకునే రంపపు పొట్టు, మట్టి గుళికలు అమ్మే వ్యాపారం. ఇసుక బదులు ఆ గుళికలు ఇచ్చి పంపాడు. ఆవిడకి తెగ నచ్చేశాయి. దాంతో అతను పది సంచుల్లో ఐదేసి పౌన్లు నింపి, పైన ‘కిట్టీ లిట్టర్’ అని చేత్తో రాసి, 65 సెంట్లకి అమ్మమని ఒక దుకాణానికి తీసుకెళ్లాడు. ఇసుక దాదాపు ఊరికే దొరుకుతుంటే దీనికి ఎవడిస్తాడు డబ్బులు అన్నాడట దుకాణదారు. అయితే ఊరికే పంచిపెట్టండి అన్నాడు ఎడ్. పట్టుకెళ్లినవాళ్లు మళ్లీ వచ్చారు, ఈసారి డబ్బులిచ్చి కొనడానికి.

ఆ సంచుల్లో ఉన్నది ఫుల్లర్స్ ఎర్త్. మనకి దాని పేరు ముల్తానీ మట్టి. అవును, ఆదివారం పూట మొహానికి పట్టించుకుని అరగంట నవ్వకుండా కూర్చునే ఆ మట్టే. ఈ సంగతి చెప్పాక మా అక్క వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఫుల్లర్స్ ఎర్త్ తడిని పీల్చుకుంటుంది గానీ ఉండ కట్టదు. తడిసిన చోట మాత్రమే గట్టిపడే రకం 1980ల్లో వచ్చింది. థామస్ నెల్సన్ అనే బయోకెమిస్ట్ బెంటొనైట్ అనే మట్టితో దాన్ని సాధించాడు. బెంటొనైట్ రేణువులు పేకముక్కల కట్టల్లా పొరలుపొరలుగా ఉంటాయి. నీళ్లు తగలగానే పొరల మధ్యలోకి వెళ్లి వాటిని ఉబ్బిస్తాయి. అందులోనూ సోడియం ఎక్కువున్న రకం బాగా ఉబ్బి, పక్క రేణువుల్ని పట్టుకుని ఉండ అయిపోతుంది. మన దేశంలో ఈ మట్టి ఎక్కువగా గుజరాత్‌లోని కచ్‌లో, రాజస్థాన్‌లోని బాడ్మేర్‌లో దొరుకుతుంది. ఇళ్లకి ఎర్తింగ్ గుంట తవ్వినప్పుడు పోసేదీ, పైలింగ్ చేసేటప్పుడు గుంత గోడలు కూలకుండా వాడేదీ ఇదే. ఇంత బరువైన పనులు చేసే మట్టి మా ఇంట్లో నాలుగు కిలోల జీవికి సేవ చేస్తోంది.

ఇక కాలి సంగతి. మన ఇళ్లలో పిల్లుల పూర్వీకులు పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ప్రాంతాల అడవిపిల్లులు. పొడి నేల, మెత్తటి ఇసుక వాటికి అలవాటు. అందుకే గోళ్లతో గోకితే జారే సన్నటి పొడి దొరికితే పిల్లి ప్రాణానికి హాయి. మనవాళ్లకి ఇది ఎప్పుడో తెలుసు. బీదరికాన్ని చెప్పడానికి ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అంటాం కదా, వంట చేయని పొయ్యిలో మెత్తటి బూడిద చూసుకుని పడుకుంటుందనే. పిల్లుల మీద చేసిన పరీక్షల్లో కూడా వాసన లేని, సన్న రవ్వలాంటి, ఉండ కట్టే మట్టికే ఎక్కువ ఓట్లు పడుతుంటాయి. మన ముక్కుకి ‘ఫ్రెష్’గా అనిపించే లావెండర్ దాని ముక్కుకి, లిఫ్టులో ఎవరో సెంటు బాటిల్ పగలగొట్టినట్టు ఉంటుంది. మా దగ్గర్లోని పెట్ షాపు అతను మాత్రం ఎప్పుడెళ్లినా లావెండరే చేతిలో పెడతాడు. ‘స్మెల్ రాదు సార్’ అంటాడు. ఎవరికి రాదు?

సరే, రకాలు. నేను వాడి చూసినంతలో చెప్తాను.

బెంటొనైట్ మా ఇంట్లో గెలిచింది కాబట్టి దాని లోపాలే ముందు చెప్పడం న్యాయం. బరువు ఎక్కువ. పదికిలోల సంచి మోసుకొచ్చే డెలివరీ కుర్రాడికి లిఫ్ట్ పనిచేయని రోజు నా మొహం చూపించలేను. దుమ్ము ఉంటుంది. ప్యాకెట్ మీద ‘99 శాతం డస్ట్ ఫ్రీ’ అని రాసి ఉన్నా నమ్మకండి, కిటికీ ఎండలో ట్రేలోకి పోసి చూడండి, తెలిసిపోతుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఈ పరీక్ష తప్పనిసరి. కాళ్లకి అంటుకుని సోఫా దాకా వస్తుంది. బాగా చిన్న పిల్లకూనలు నోట్లో పెట్టుకుంటాయి కాబట్టి వాటికి ఉండ కట్టేది వద్దు. అన్నిటికంటే ముఖ్యం, దీన్ని టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయకూడదు. పొరల మధ్యకి నీళ్లెళ్లి ఉబ్బుతుందని ఇందాకే అనుకున్నాం. ఆ ఉబ్బడం పైపులో జరిగితే మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మీ ఫ్లాట్ నంబర్ చాలా రోజులు మోగుతుంది.

సిలికా అంటే కొత్త షూ డబ్బాలో ‘తినకూడదు’ అని రాసి వచ్చే చిన్న ప్యాకెట్‌లోని గాజు గుళికలే. తేలిక, దుమ్ము తక్కువ, నీళ్లని బాగా పీల్చుకుంటుంది. రోజూ రెండుది తీసేసి, మిగతాది కలియబెడితే వారాల తరబడి నడుస్తుంది. కానీ గరుకు. కొన్ని పిల్లులు అందులో అడుగు పెట్టి కాలుగాలిన పిల్లిలా బయటికి దూకడం నేను చూశాను. ఆ సామెత ఇంత అక్షరాలా చూస్తాననుకోలేదు. దీనితో ఇంకో ఇబ్బంది ఉంది, అది తర్వాత చెప్తాను.

టోఫు లిట్టర్ సోయాపాలు పిండాక మిగిలిన పిప్పితో చేస్తారు. సేమ్యా ముక్కల్లా ఉంటుంది. తేలిక, దుమ్ము తక్కువ, మట్టిలో కలిసిపోతుంది, పిల్లి కొంచెం మింగినా గాభరా పడక్కర్లేదు. నగరాల్లో కుర్రకారంతా దీనికే మారుతున్నారు. కానీ అది తిండి నుంచి వచ్చిన సరుకని మర్చిపోకూడదు. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో సంచి మూతి విప్పి వదిలేస్తే పాత పిండిలాగే బూజో పురుగో పట్టగలదు. గాలి దూరని డబ్బా ఉంటేనే కొనండి. ‘ఫ్లషబుల్’ అని రాసి ఉన్నా సెప్టిక్ ట్యాంక్ ఉన్న ఇళ్లలో ఆ సాహసం వద్దు.

పైన్ గుళికలు తడిస్తే పొట్టుగా విడిపోతాయి, జల్లెడ ట్రే కావాలి. సామిల్లు నుంచి ఊరికే తెచ్చుకున్న రంపపు పొట్టు అలా కాదు, అందులో దుమ్ము ఎక్కువ, కర్రకి ఏ మందు పూశారో తెలీదు. పేపరు ముక్కలు ఆపరేషన్ అయిన పిల్లికి నాలుగు రోజులు సరే. ఇక ఇసుక. బిల్డింగ్ కడుతున్న చోట గేటు ముందు కుప్ప ఉంటుంది కదా, ఒక బకెట్ తెచ్చుకుందామనుకుంటారు. ఆ కుప్ప అప్పటికే వీధి పిల్లులన్నిటికీ సులభ్ కాంప్లెక్స్. వాటి కడుపులోని పురుగుల గుడ్లు కూడా బకెట్‌తో పాటే ఇంటికొస్తాయి. పైగా ఇసుక ఉండ కట్టదు, తడి అంతా అడుక్కి పోయి అక్కడే మాగుతుంది.

మాగడం అంటే గుర్తొచ్చింది. పిల్లి ఒంటికి పోయిన వెంటనే ముక్కు పగిలే వాసన రాదు (ఆపరేషన్ చేయించని మగపిల్లి లెక్క వేరు, దానికి ఏ లిట్టరూ చాలదు). అందులోని యూరియాని బ్యాక్టీరియా విరగ్గొట్టి అమ్మోనియా చేశాకే ఆ ఘాటు. అంటే తడిని త్వరగా తీసేస్తే వాసన పుట్టదు. సెంటు కొట్టడం వల్ల అమ్మోనియా తగ్గదు, అమ్మోనియా ప్లస్ లావెండర్ అవుతుంది. రోజుకి రెండుసార్లు తీసే ఇంట్లో చవక మట్టి కూడా వాసన రాదు. నాలుగు రోజులకోసారి తీసే ఇంట్లో ఖరీదైన ఇంపోర్టెడ్ సరుకు కూడా కంపు కొడుతుంది.

ధర చూసేటప్పుడు ఒక్క జాగ్రత్త. కొన్ని కంపెనీలు కిలోల్లో అమ్ముతాయి, కొన్ని లీటర్లలో. ఐదు లీటర్ల సిలికా తూకం వేస్తే ఐదు కిలోలకి చాలా తక్కువే ఉంటుంది. కాబట్టి కిలో ఎంత అని కాకుండా, ఒక సంచి ఎన్ని రోజులొచ్చిందో చూసి రోజుకెంత పడిందో లెక్కేయండి. మాకు ఒక పిల్లికి పది కిలోల బెంటొనైట్ దాదాపు ఐదు వారాలొస్తుంది.

కొనేముందు ఉండ గట్టితనం ఇంట్లోనే తేల్చుకోవచ్చు. స్టీలు గిన్నెలో మూడు వేళ్ల మందాన మట్టి పోసి, మధ్యలో రెండు స్పూన్ల నీళ్లు పోయండి. పావుగంట ఆగి చిల్లుల గరిటెతో ఎత్తండి. ఉండ విరగకుండా రావాలి, అడుగున గిన్నె పొడిగా ఉండాలి. అడుగుకి బురదలా అంటుకుందంటే రోజూ ట్రే గీకాల్సిందే. ఇందుకు చిన్న ప్యాకెట్ చాలు, ‘కాంబో ఆఫర్’ సంచి అక్కర్లేదు.

అసలు తీర్పు మాత్రం పిల్లిదే. మా ఆఫీసు భాషలో దీన్ని ఏ/బీ టెస్ట్ అంటాం. ఒకే సైజు ట్రేలు రెండు పక్కపక్కన పెట్టాను. ఒకదాంట్లో వాసన లేని సన్న బెంటొనైట్, ఇంకోదాంట్లో టోఫు. ఐదు రోజులయ్యాక ట్రేల చోట్లు మార్చాను, మూల ఇష్టమా మట్టి ఇష్టమా తేలాలి కదా. పది రోజుల్లో 27 ఉండలు, అందులో 22 మట్టిలోనే. టోఫులోకి వెళ్లిన ఐదుసార్లూ గోకలేదు, అంచు మీద రెండు కాళ్లు పెట్టి సర్కస్ చేసి దూకేసింది. గోకకపోవడం, కాలు విదిలించడం, పూడ్చకుండా పరిగెత్తడం, ట్రే పక్కన డోర్‌మ్యాట్ మీద కానిచ్చేయడం, ఇవన్నీ ‘నచ్చలేదు’ అనడానికి గుర్తులు. మీ పిల్లి టోఫుకే ఓటేస్తే టోఫే కొనండి. జున్ను ఓటు మీ ఇంట్లో చెల్లదు. మార్చాలనుకున్నప్పుడు మాత్రం రాత్రికి రాత్రి మార్చకండి. పాతదాంట్లో కొత్తది రోజుకింత కలుపుతూ వారం, పది రోజులు తీసుకోండి.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఉండ కట్టే మట్టి ఒక లాగ్ ఫైల్. మేం సర్వర్ ఎలా ఉందో తెలుసుకోవడానికి లాగ్ చూస్తాం. పిల్లి తనకి బాలేదని చెప్పదు, దాచుకుంటుంది. ట్రే దాచలేదు. మామూలు రోజుల్లో జున్ను మూడు ఉండలు చేస్తుంది, నిమ్మకాయంత. పోయిన వేసవిలో ఒక పొద్దున ట్రేలో నిమ్మకాయలు లేవు. బఠాణీ గింజంత ఉండలు ఐదు ఉన్నాయి. చూస్తుండగానే మళ్లీ వెళ్లి కూర్చుంది, ముక్కింది, ఏమీ రాలేదు. చూసేవాళ్లకి మలబద్ధకం అనిపిస్తుంది. కానీ మగపిల్లుల్లో మూత్రనాళం చాలా సన్నం. సన్నటి స్ఫటికాలో, జిగురు ముద్దో అడ్డుపడితే పూర్తిగా మూసుకుపోతుంది. అలా ఒకటి రెండు రోజులు గడిస్తే ప్రాణమే పోవచ్చు. స్టాండప్ కాల్‌కి రానని మెసేజ్ పెట్టి జున్నుని బుట్టలో వేసుకుని ఆస్పత్రికి వెళ్లాను. డాక్టర్ పొట్ట నొక్కి చూసి, ‘బ్లాడర్ క్రికెట్ బంతిలా ఉంది, ట్యూబ్ వేయాలి’ అన్నారు. రెండు రోజులు అక్కడే ఉంచారు. ఇంటికొచ్చాక తడి తిండి పెరిగింది, నీళ్ల గిన్నెలు మూడయ్యాయి, నిమ్మకాయలు తిరిగొచ్చాయి.

ఉండలు చిన్నవి అయితేనే కాదు, ఉన్నట్టుండి కమలాపండంత అయినా చూసుకోవాలి. వయసు మళ్లిన పిల్లుల్లో అది కిడ్నీ జబ్బుకో, షుగర్‌కో గుర్తు కావచ్చు. సిలికాతో నా ఇబ్బంది ఇదే. అన్నీ తాగేస్తుంది, ఏదీ చెప్పదు. లాగింగ్ ఆఫ్ చేసిన సర్వర్ లాగా. మగపిల్లి ఉన్న ఇంట్లో నేనైతే ఉండ కట్టేదే వాడమంటాను, అది మట్టైనా టోఫు అయినా సరే.

ఈ ట్రే మా ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది మాత్రం ఈ మధ్యే. అక్కకి ఏడో నెల. పురిటికి మా ఇంటికే రావాలి. ఆ కబురు తెలిసిన మర్నాడే మా పెద్దత్త అమ్మకి ఫోన్ చేసింది. ‘పిల్లి ఉన్న ఇంట్లో కడుపుతో ఉన్న పిల్లని ఎలా ఉంచుతావు వదినా? ముందు దాన్ని ఎక్కడన్నా వదిలేసి రమ్మను’ అని. అమ్మ నాతో ఏమీ అనలేదు. జున్ను బుట్ట మాత్రం గుమ్మం దగ్గరికి వచ్చి కూర్చుంది.

అత్త భయం గాల్లోంచి పుట్టింది కాదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి రెండుకి వెళ్లినదాంట్లోంచి రావచ్చు, గర్భిణికి కొత్తగా సోకితే కడుపులో బిడ్డకి ప్రమాదం. అయితే దాని టైమింగ్ తెలుసుకుంటే కథ మారిపోతుంది. బయటికొచ్చిన వెంటనే అది అంటుకోదు. అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అంటే రోజూ తీసే ట్రేలో దానికి ఆ వ్యవధే దొరకదు. పైగా పిల్లికి అది ఎలుకల్నీ పిట్టల్నీ తిన్నప్పుడు, పచ్చిమాంసం పెట్టినప్పుడు వస్తుంది. గడప దాటని, ప్యాకెట్ తిండి తినే జున్నుకి ఆ అవకాశం తక్కువ. మనుషులకి సరిగ్గా ఉడకని మాంసం నుంచీ, కడగని ఆకుకూరల నుంచీ, తోటపని మట్టి నుంచీ కూడా వస్తుంది. అత్త ఆ రెండో లిస్టు ఎత్తలేదు, ఆదివారం మటన్ ఆవిడకి ప్రాణం కాబట్టి.

అక్క తనే వాళ్ల డాక్టర్‌ని అడిగింది. పిల్లిని వదిలేయక్కర్లేదన్నారావిడ. ట్రే జోలికి అక్క వెళ్లకూడదు, ఇంట్లో ఇంకొకరు రోజూ తప్పకుండా తీయాలి, ఎవరూ లేని పరిస్థితుంటే గ్లౌజులు వేసుకుని తీసి చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఈ నెలల్లో వీధి పిల్లకూనల్ని తేవద్దు, పిల్లికి పచ్చిమాంసం వద్దు. అంతే. ‘నెలంతా ముట్టుకోనక్కర్లేదు’ అనే ప్రకటన చూసి లిట్టర్ కొనేవాళ్లకి ఇక్కడే చెప్పాలి. గర్భిణి ఉన్న ఇంట్లో ఆ సౌకర్యం అసలు సౌకర్యమే కాదు. రోజూ తీయడానికి ఏది తేలికో అదే మంచి లిట్టర్.

తీసింది ఎక్కడ వేయాలన్నది మిగిలింది. నేను పాత పేపర్లో పొట్లం కట్టి, కవర్లో వేసి మూతి బిగిస్తాను. తడిచెత్త డబ్బాలో కలపను. మా అంతస్తుకి చెత్త తీసుకెళ్లే అక్క డబ్బాలోకి చెయ్యి పెట్టి వేరు చేస్తుంది, అదీ చాలాసార్లు గ్లౌజులు లేకుండా. అందుకే ఆ కవర్ విడిగా ఇచ్చి, ఇందులో ఇది ఉందని నోటితో చెప్తాను. మొదటిరోజు ఆవిడ వింతగా చూసింది. ఇప్పుడు ‘ఇయ్యాల పిల్లి ఎట్లుంది తమ్మీ’ అని అడిగి తీసుకుంటుంది.

అక్క వచ్చి మూడు వారాలైంది. బుట్ట మళ్లీ బాల్కనీలోకి వెళ్లింది. ట్రే ఉన్న బాల్కనీ తలుపు అక్క తీయదు, జున్ను కోసం కింద సందు వదిలాం. వారం మధ్యలో పొద్దున, రాత్రి గరిటె నాది. శనివారాలు బావ వస్తారు. వచ్చీరాగానే కాళ్లు కడుక్కునేలోపే అమ్మ ఆయన చేతిలో గ్లౌజులు పెడుతోంది, కాఫీ ఆ తర్వాతే.